ఫలితం అనే గడి

బోర్డువాళ్ళు నన్ను పంపింది మాటలు రాసుకు రమ్మని.
డర్హమ్‌లో ఒక చర్చి వెనక గది,
పొగ కక్కే పొయ్యి, కాళ్ళు సమంగా లేని బల్ల,
దాని చుట్టూ అయిదుగురు గని మేనేజర్లు,
తడి కోట్లు విప్పకుండానే.

షార్ట్‌హ్యాండ్‌లో నా వేగం నిమిషానికి నూట ఇరవై.
ఆ సాయంత్రం అంత అక్కర్లేకపోయింది.

గదికి నియమం ఒక్కటే:
ఎవరూ సలహా ఇవ్వకూడదు.
అడగవచ్చు. అడిగి, నోరు మూసుకుని ఉండవచ్చు.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు,
అక్కడ వంతులవారీగా అందరూ లోకువయ్యారు.
సలహా లేకుండా ఒక మగవాడు గంటసేపు కూర్చోవడం
మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

ఓస్వాల్డ్ ట్వెడెల్ మొదలుపెట్టాడు.
మూడో సొరంగం మలుపులో బొగ్గుబండ్లు ఆగిపోతున్నాయి,
షిఫ్టుకు పదకొండుసార్లు.
పట్టాలు మార్చాడు. చక్రాలు మార్చాడు.
న్యూకాసిల్ నుంచి ఇంజనీరు వచ్చి, భోంచేసి, రిపోర్టు రాసి వెళ్ళాడు.
దాన్ని టైపు చేసింది నేనే. నలభై పేజీలు.
అందులో వాలు ఉంది, వంపు ఉంది, గ్రీజు ఖర్చు ఉంది.

గౌలండ్‌కి జవాబు తెలుసు.
తెలిసినట్టు మోకాలు ఊగుతోంది.
"నా గనిలో అయితే..." అన్నాడు.
పక్కాయన గొంతు సవరించుకున్నాడు.
గౌలండ్ మిగతా వాక్యాన్ని టీతో కలిపి మింగేశాడు.

తరవాత అన్నీ ప్రశ్నలే.
బండి ఆగిందని ముందు ఎవరికి తెలుస్తుంది?
అప్పుడు నువ్వెక్కడ ఉంటావు?
ఆ మలుపులో ఆఖరిసారి ఎప్పుడు నిలబడ్డావు?
ట్వెడెల్ పైకప్పు వంక చూశాడు.
అక్కడ ఒక చెమ్మ మరక తప్ప ఏమీ లేదు.

నా పేజీ నిండా కొక్కేల్లాంటి గుర్తులు,
తగిలించడానికి ఒక్క కోటూ లేదు.

బోర్డు ఫారంలో "సంబంధిత కార్మికుడు" అని ఒక గడి ఉంది.
అది నింపాలనే, ఇంకెందుకూ కాదు, నేనడిగాను:
"అక్కడ గుర్రాన్ని తోలే కుర్రాడి పేరేంటండీ?"

పొయ్యిలో బొగ్గు చిటపటలాడింది.
ఆ చప్పుడుకి షార్ట్‌హ్యాండ్‌లో గుర్తు లేదు.
అయిదుగురూ నా వైపు చూసి,
ఆ తరవాత, ఒక్కొక్కరే, తమ చేతుల వైపు చూసుకున్నారు.

నెల తిరిగాక ట్వెడెల్ వచ్చాడు,
గోళ్ళ సందుల్లో నలుపు, బొటనవేలికి కట్టు.
ఆరు షిఫ్టులు ఆ మలుపులోనే కూర్చున్నాడట.
మూడు రోజులు కుర్రాడు పెదవి విప్పలేదట
(మేనేజరు పక్కన కూర్చుంటే ఎవరు విప్పుతారు?)
నాలుగోనాడు తన రొట్టెలో సగం ఇస్తే
వాడు దాన్ని గుర్రానికి పెట్టి, అప్పుడు చెప్పాడట:

"ఆగేది బండి కాదండీ, ఇది.
పోయిన చలికాలం ఇక్కడే కప్పు కూలింది.
దీని జోడు ఇక్కడే పోయింది.
వచ్చిన ప్రతిసారీ ఆగి వింటుంది.
పైన ఏమీ కదలడం లేదని తనకి తోచాకే కదులుతుంది.
నేనూ దీంతోపాటు వింటాను."

నలభై పేజీల్లో ఎక్కడా గుర్రానికి చెవులు లేవు.

ట్వెడెల్ కూడా విన్నాడు.
ఏదో సన్నగా, మట్టి నమిలినట్టు.
మర్నాడే అక్కడ కొత్త దూలాలు నిలబెట్టించాడు.
ఇప్పటికీ షిఫ్టుకు మూడుసార్లు ఆగుతోందట.
"ఆగనివ్వండి," అన్నాడు.

గౌలండ్ చాలాసేపు మాట్లాడలేదు.
ఆ తరవాత, మోకాలు ఊపకుండా,
"నా గనిలో..." అన్నాడు.
ఈసారి అది జవాబు కాదు.

ఫారం చివర "ఫలితం" అనే గడి,
రెండు వేళ్ళ వెడల్పు.
పదకొండు నుంచి మూడు, అని టైపు చేశాను.
బోర్డుకి అంకెలంటే ఇష్టం, అబద్ధమూ కాదు.
కార్బన్ కాపీ మాత్రం నాది.
దాని అంచున పెన్సిలుతో రాసుకున్నాను:
కత్బర్ట్ హెస్లప్, పదహారేళ్ళు.

లేవబోతూ గుర్రం పేరు కూడా అడిగాను.
ట్వెడెల్ తడుముకోలేదు.